కరిగింది అన్న మాట

1126వ రోజు

ఇది ఉమ్మడి లెక్క వాళ్ళ పుస్తకం కాదు, నా సొంతం. వాళ్ళ పుస్తకంలో వరుసకు ఆరు గడులుంటాయి. విమానం నంబరు, టైము, దాని వెనక తెల్లటి పొగచార పడిందా లేదా, పడితే ఏమైంది, ఎన్ని నిమిషాలకు, ఆ చోట ఆకాశం ఎలా ఉంది. ఆ గడుల్లో తిట్లు పట్టవు. అందుకే ఇది కొనుక్కున్నాను.

నా పేరు బొడ్డు కూర్మయ్య. వయసు డెబ్బై మూడు. గుల్లలపాలెం ఉప్పు మడుల్లో అరవై ఏళ్ళు పార పట్టాను. చదువు రెండో తరగతి సగం వరకు. మిగతా సగం ఉప్పు బస్తాల మీద అచ్చులు చూసి నేర్చుకున్నాను. నా రాత నచ్చనివాళ్ళు చదవనక్కర్లేదు. నేనెవరినీ పిలవలేదు.

మూడేళ్ళుగా చారల పాక నంబరు నాలుగు నాది. విమానాలు ఆకాశాన్ని ఎంత వేడెక్కిస్తున్నాయో తేల్చడానికి ఏడు దేశాల చదువుకున్నవాళ్ళు, విమాన సంఘం వాళ్ళు కలిసి మొదలుపెట్టిన పని ఇది. మొదట్లో ఉపగ్రహాల ఫొటోలు ఎవరివి వాళ్ళు తెచ్చుకున్నారు. సంఘం వాళ్ళ ఫొటోల్లో ఆకాశం నీలంగా ఉండేది. దేశాల వాళ్ళ ఫొటోల్లో తెల్లగా ఉండేది. నాలుగేళ్ళు కొట్టుకున్నారు. చివరికి ఎవరికీ జీతగాళ్ళు కాని కళ్ళు కావాలన్నారు. ఆ కళ్ళలో రెండు నావి.

ఇవాళ పొద్దున్నే మడిలోకి నీళ్ళు వదిలి పాకలో కూర్చున్నాను. విమానం వచ్చినప్పుడల్లా పాకలో వాళ్ళు బిగించిన పెట్టె పిచ్చుక గొంతు పెట్టి కీక్‌మంటుంది. పిచ్చుకలున్నప్పుడు పిచ్చుకలను ఎవడూ పట్టించుకోలేదు, ఇప్పుడు వాటి గొంతు పెట్టెలకు పెట్టారు. పదిన్నరకు ఎండ సైరన్ మోగింది. మడుల్లో వాళ్ళంతా రేకుల షెడ్డుల్లోకి పోయారు. సర్కారు ఇచ్చే చలువ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాను. తుప్పు నాకినట్టుంటుంది.

నలభై ఒక్క విమానాలు. పదిహేడు చారలు. పన్నెండు కరిగాయి, అయిదు ఎండాయి. ఆకాశం పాలు. ఎండ సరిగ్గా దిగక మడిలో ఉప్పు పిండిలా పడింది. నోట్లో వేసుకుంటే చేదు. ఊసేశాను.

1129వ రోజు

ఉమ్మడి లెక్క రిపోర్టు తయారైందట. చారలు చూసినవాళ్ళకు వినిపించి సంతకాలు తీసుకోవాలని వాళ్ళ రూలు. ఆరు పాకల వాళ్ళమూ ఉప్పు గిడ్డంగిలో చేరాం. తరణి అని, ఆ లెక్క చేసేవాళ్ళలో ఒకావిడ, పట్నం నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎండకు ముఖం కందిపోయింది. పాపం, చలువ పొడి మొహం చిట్లించకుండా తాగింది. అప్పుడే అనుకున్నాను, ఈవిడకు మర్యాద ఎక్కువని.

చదివే పెట్టె ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది. మా పుస్తకాలు చదివి లెక్క కట్టిందీ అదేనట. దాని గొంతు బెల్లం పాకంలా సాగుతూ ఉంది. చాలాసేపు ఏమేమో చదివింది. అందరం తలలూపాం. అప్పుడు ఇదొచ్చింది:

"గుల్లలపాలెం తీరం మీదుగా వెళ్ళే ఏడో దారిలో పొగచారలు సగటున పదకొండు నిమిషాలలో అంతరిస్తున్నాయి. కావున ఏడో దారిని చల్లని దారిగా గుర్తించవచ్చును."

అచ్చియమ్మ నా పక్కన కూర్చుని ఉంది. మా ఆవిడకు అక్క. మూడో నంబరు పాక ఆవిడది. మోచేత్తో నన్ను పొడిచింది.

"అంతరించడమంటే ఏటి మరిదీ?"

"సచ్చిపోడం."

"ఓలమ్మ! పదకొండు నిమిషాల్లోనా? మన ఆకాశంలో సారలు అలగ సచ్చిపోవు కదేటి?"

"మల్లీ సదవమను తల్లీ," అన్నాను తరణితో. పెట్టె మళ్ళీ చదివింది. అదే గొంతు, అదే అబద్ధం.

"ఇది ఎవులు సెప్పేరు మీకు?"

తరణి బిత్తరపోయింది. తన వెలుగు పలక మీద ఒక పేజీ తీసి చూపించింది. "మీరే రాశారు కదండీ కూర్మయ్యగారూ. 'కరిగింది, పదకొండు నిమిషాలకు.' ఇది మీ దస్తూరీయే కదా?"

"నాదే."

"కరిగిందంటే పోయినట్టే కదండీ?"

ఆరుగురు ఉప్పోళ్ళం ఆవిడ వంక చూశాం.

"ఉప్పు కరిగితే ఎక్కడికి పోతాది తల్లీ?" అన్నాను.

"నీళ్ళలోకి."

"మరి నీళ్ళల్లో ఉంతాదా, సస్తాదా?"

ఆవిడ పలక మీద ఆ పేజీ మళ్ళీ తీసింది.

మాకు ఇది వింత కాదు. వాన పడితే గట్టు మీది ఉప్పు కుప్ప కరుగుతుంది. పోయిందని ఏ ఉప్పోడూ ఏడవడు. మడి నీళ్ళలోనే ఉంటుంది, ఎండ పెడితే మళ్ళీ వస్తుంది. చార కూడా అంతే. గీతలా పడుతుంది, కొంతసేపటికి గీతతనం పోయి ఆకాశంలో కలుస్తుంది, ఆకాశమంతా పాలవుతుంది. ఆ పాలు సాయంత్రం దాకా వదలవు. దాన్ని కరగడం అంటాం. నిజంగా పోయినదాన్ని ఎండింది అంటాం. నీళ్ళు ఎండితే ఇక లేవు కదా.

ఇదంతా చెప్పాను. తరణి గొంతు తగ్గించి పెట్టెను అడిగింది. "ఎండింది అని రాసినవన్నీ ఏమయ్యాయి?"

"ఎండింది అనే మాటను ఎండ కాసింది అనే వాతావరణ వ్యాఖ్యగా గుర్తించి తొలగించడమైనది," అంది పెట్టె, మా మీద ఏదో దయ చూపించినట్టు.

అంటే చచ్చిన చారలను లెక్కలోంచి కొట్టేశారు. బతికున్న చారలకు చావు టైము రాశారు. మూడేళ్ళు మెడలు విరిగేలా పైకి చూసి రాస్తే చేసిన పని ఇది. అరిచేశాను. ఏమేమన్నానో ఇక్కడ రాయను. అచ్చియమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"చల్లని దారి అయితే ఏటవుతాది?" అని అడిగింది తరణిని.

"వేడి దారుల్లో పోయే విమానాలను ఇటు మళ్ళిస్తారు. రోజుకు నలభై బదులు నూట అరవై దాకా."

నలభై పోతేనే వారంలో మూడు రోజులు పాలు, ఆ మూడు రోజులూ పిండి ఉప్పు. నూట అరవై పోతే ఈ తీరాన ఉప్పన్న మాట ఉండదు. ఉన్న మడులు మూడు వందలు. వాటి మీద బతికేవాళ్ళకు చేతిలో ఇంకో పని లేదు.

ఎవరూ సంతకం పెట్టలేదు. నా జన్మలో గుల్లలపాలెం వాళ్ళు ఒక్క మాట మీద నిలబడటం ఇదే చూశాను. మర్నాటికి ఉంటుందో లేదో.

1130వ రోజు

తరణి ఫోన్ చేసింది. రాత్రంతా నిద్రపోలేదట. నేను హాయిగా నిద్రపోయాను, తప్పు నాది కాదు కనక.

రాసినవాడు తన మాటకు తర్వాత వేరే అర్థం చెబితే ఒప్పుకోరట. ఎవరికి వాళ్ళు అలా మార్చుకుంటూ పోకుండా ఉమ్మడి ఒప్పందంలో రాసుకున్నారు. మంచి రూలే. నేనయినా అదే పెట్టేవాణ్ణి. అందుకే ఇంకా రోతగా ఉంది.

"అయితే ఒక దారి ఉందండీ. సంఘం తరఫు శాస్త్రవేత్త కూడా ఒప్పుకున్నారు. ఆరుగురినీ విడివిడిగా కూర్చోబెట్టి, అందరి ఎదుట చారలు చూసి రాయిస్తాం. ఒకే చారకు అందరూ ఒకే మాట రాస్తే, ఆ మాటకు మీ దగ్గర ఒకే అర్థం ఉందని తేలుతుంది."

"తేలకపోతే?"

"మాటే నమ్మదగింది కాదని ఆరు పాకల పుస్తకాలూ పక్కన పెడతారు. అప్పుడు విమాన సంఘం లెక్కే మిగులుతుంది. అందులో ఇది చల్లని దారే."

తొమ్మిది రోజుల గడువు.

1134వ రోజు

వరాహమూర్తి అని పాకల ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. నెలకోసారి వచ్చి పాక రేకులు లెక్కపెట్టి పోతాడు. పైకి తల ఎత్తి చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ గిడ్డంగిలో నల్లబల్ల పెట్టి, అయిదుగురినీ బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాడు. బల్ల మీద రెండు మాటలు రాశాడు. విస్తరించింది. అంతరించింది.

"కరిగింది అని ఎవరూ రాయొద్దు. విస్తరించింది. అనండి అందరూ."

అందరూ అన్నారు. తలకాయలు నెరిసినవాళ్ళు, బళ్ళో పిల్లల్లా.

"ఏటిది బాబూ?" అన్నాను గుమ్మంలోంచే.

"కూర్చో పెద్దాయనా. వచ్చేవాళ్ళు చాలా పెద్దవాళ్ళు. వాళ్ళ ముందు ఉప్పు భాష రాసి నా పరువు తియ్యకండి. సరైన మాట రాస్తే గొడవే ఉండదు కదా."

"మూడేల్లు రాసింది ఒకటి, రేపు రాసేది ఇంకోటీనా?"

"అర్థం ఒకటే కదయ్యా!"

"అర్థం ఒకటయితే మాట మార్సడమెందుకు?"

బల్ల మీద కొట్టి, "విస్తరించింది," అన్నాడు మళ్ళీ. అచ్చియమ్మ కూడా పెదాలు కదుపుతూ నేర్చుకుంటోంది. బయటికి రమ్మని సైగ చేశాను. వచ్చి నా మీదే లేచింది.

"నీకేటి మరిదీ, నీ అంతటోడు లేడు. మాకు బయ్యం ఉండదేటి? ఆ బాబు సెప్పినట్టు రాస్తే మడులు నిలబడతాయంతన్నాడు."

"ఆడు మడి ఎప్పుడన్నా సూసేడా ఒదినా?"

"సూడలేదు. సదువుకున్నాడు."

వచ్చేశాను. ఇవాళ ముప్పై ఎనిమిది విమానాలు. మెడ నొప్పి.

1139వ రోజు

పరీక్ష అయింది. కడుపులో ఉన్నది ఇక్కడ కక్కకపోతే అన్నం సయించదు.

సంఘం తరఫున వచ్చినతని పేరు శశిభూషణ్. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. వచ్చీ రాగానే చెప్పులు విప్పి మడి గట్టు మీద నడిచాడు. గట్టు విరగ్గొట్టకుండా ఎలా నడవాలో అడిగి మరీ నడిచాడు. వాణ్ణి అసహ్యించుకుందామని పొద్దున్నుంచీ సిద్ధంగా ఉన్నాను. వీలు ఇవ్వలేదు.

ఆరుగురినీ ఆరు గట్ల మీద గొడుగుల కింద కూర్చోబెట్టారు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. సైరన్ లోపు తొమ్మిది చారలు పడ్డాయి. ఏడు కరిగాయి. రెండు ఎండాయి. అదే రాశాను.

గిడ్డంగిలో కాగితాలు చదివారు. శశిభూషణే పైకి చదివాడు. నాలుగు కాగితాల్లో ఏడు చారలకూ విస్తరించింది, రెంటికి అంతరించింది. పంతులు దిద్దించినట్టే. నాది చదివాడు. ఆఖరున అచ్చియమ్మ కాగితం తీసి ఒక నిమిషం చూశాడు.

"ఇస్తరేసింది," అని చదివాడు. "ఏడు చారలకూ ఇస్తరేసింది. ఎవరికమ్మా భోజనం?"

అందరూ నవ్వారు. తరణి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ బాబు సెప్పిన మాట సగమే గుర్తుండిపోనాదండి. మిగతాది నానే ఏసుకున్నాను."

నవ్వు ఆగాక శశిభూషణ్ కాగితాలు సర్దాడు.

"ఒక సందేహం. చార పరుచుకుంటే విస్తరించింది అనాలని వీళ్ళకు తెలుసు. అయిదుగురికి తెలుసు. కానీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ ఆ మాట రాయలేదు. అంటే ఆ మూడేళ్ళూ వీళ్ళు చూసింది పరుచుకోవడం కాదనుకోవాలి కదా?"

వరాహమూర్తి గోడకున్న బల్లి వంక చూస్తున్నాడు. వాడు అయిదు రోజుల కిందటే నేర్పాడని చెప్పాను. నేర్పి రాయించారంటే ఈ పరీక్షే చెల్లదని అన్నాడు శశిభూషణ్. అదీ నిజమే. ఎటు తిప్పినా మేమే మునుగుతున్నాం.

నేను లేచి గ్లాసు నీళ్ళు తెచ్చాను. కుప్పలోంచి గుప్పెడు ఉప్పు వేసి వేలితో తిప్పి అతని ముందు పెట్టాను.

"ఉప్పు ఏటయ్యింది బాబూ?"

"కరిగింది."

"పోనాదా? తాగి సెప్పు."

తాగడనుకున్నాను. సగం గ్లాసు తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"మీ మాట అర్థమైంది పెద్దాయనా. నిజం చెప్పాలంటే నమ్ముతున్నాను కూడా. కానీ నేను నమ్మితే సరిపోదు. మూడేళ్ళ కిందట కూడా మీరు ఈ అర్థంతోనే రాశారని చూపించండి. చూపిస్తే నేనే ఒప్పుకుని సంతకం పెడతాను. నాలుగు రోజులాగుతాను."

వాడు వెధవ అయితే ఎంత బావుండేది.

1140వ రోజు

పొద్దున పార పట్టుకుని పిండి ఉప్పు గట్టుకు లాగుతున్నాను. ఇంత పిండి ఎన్ని రోజులు పడిందో పుస్తకం చూస్తే తెలుస్తుంది కదా అనిపించింది. వెంటనే పార అక్కడే పారేసి ఫోన్ దగ్గరికి పోయాను.

"తల్లీ, ఆరో గడి సదివేరా మీరు?"

"ఏ గడి?"

"ఆకాశం గడి. మొదట్లో అయిదే ఉండేవి. ఆకాశం రాయకపోతే అదేం లెక్క అని మేమే పోట్లాడి ఏయించుకున్నాం. పాలు, నీలం అని రాస్తాం సూడు."

"రంగుల వ్యాఖ్యలని చదివే పెట్టె పక్కన పడేసిందండీ. మేమూ చూడలేదు."

"సూడు. కరిగింది అన్న దగ్గర పాలుంతాది. ఎండింది అన్న దగ్గర నీలముంతాది. ఒక పాకలో కాదు, ఆరు పాకల్లో. మూడేల్లూ. మాకు ఏ వరామూర్తీ నేర్పలేదు అప్పుడు."

"కూర్మయ్యగారూ," అంది. ఫోన్ పెట్టేసింది. ఏడుస్తోందేమో. పెద్ద పెద్ద చదువులు చదివారు, పక్క గడి చదవలేదు.

మధ్యాహ్నం అంబలి బాగా తాగాను.

1142వ రోజు

తరణి స్వయంగా వచ్చింది. పాకలో నా ఎదురుగా కింద కూర్చుంది. పలక తీసింది.

"చారలు పడ్డ లక్షా పదిహేను వేల వరుసలు సరిచూశాం. మీరు చెప్పింది అక్షరాలా నిజం. కరిగింది, పాలు. ఎండింది, నీలం. అచ్చియమ్మగారి పుస్తకంలో అయితే ఒక్కటి తప్పలేదు. అందరివీ కలిపి అక్కడో ఇక్కడో నలభై తేడాలు, అవి లెక్కలోకి రావు."

"మరింకేటి?"

"ఒకే ఒక్క చోట అడ్డం పడుతోంది. ఒకే పాకలో, వరసగా పదకొండు రోజులు. నూట ఎనభై వరుసలు. కరిగింది అని ఉంది, పక్కన నీలం. ఎండింది అని ఉంది, పక్కన పాలు. అంతా గందరగోళం. 508వ రోజు నుంచి 518 దాకా." నా ముఖం వంక చూడకుండా చెప్పింది. "నాలుగో నంబరు పాక."

పెట్టె కీక్‌మంది. నేను తలెత్తలేదు. ఆ విమానం నంబరు నాకు తెలియదు.

"శశిభూషణ్ గారు దీన్నే పట్టుకుంటారు. ఒక మనిషి దగ్గరే పదకొండు రోజులు అర్థం తిరగబడితే, అసలు ఆ మాటకు అర్థమే లేదంటారు. అందుకని నేనొకటి ఆలోచించాను. ఆ రోజుల పేజీలు చదివేటప్పుడు పెట్టె చెడిపోయి గడులు కలిపేసిందని రాద్దామా? పెట్టెలు చెడిపోవడం మామూలే. ఎవరూ అడగరు."

రేపు చెబుతానన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది.

చదివే పెట్టె చెడిపోలేదు. 508వ రోజున నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. పాకలో మంచం మీద పడుకున్నాను. మెడ తిప్పితే ప్రాణం పోయేది. సెలవు అడిగితే పాక ఇంకొకడికి ఇస్తారు. కూర్మయ్యకు ముసలితనం వచ్చిందని ఊరు అంటుంది. పాక పెట్టె కూసినప్పుడల్లా నంబరు రాసుకున్నాను. ఏమైంది అన్న గడి ముందు రోజు పేజీ చూసి నింపాను. ఆకాశం గడి దానికి ముందు పేజీ చూసి నింపాను, రెండూ ఒకేలా ఉంటే పట్టుబడతానని. అంత తెలివి. పదకొండు రోజులు పైకి చూడలేదు. ఆ ఏడాది చివర ఒక్క ఖాళీ గడి కూడా లేని పుస్తకమని నాకు శాలువా కప్పారు. మెడ వంచి కప్పించుకున్నాను.

మూడేళ్ళుగా అందరినీ తిడుతున్నాను. పెట్టెను, వరాహమూర్తిని, ఏడు దేశాల వాళ్ళను. ఇవాళ రాస్తుంటే నా చేతి వేళ్ళు చూస్తేనే నాకు రోతగా ఉంది.

పెట్టె మీద నెట్టేస్తే సరిపోతుంది. ఆ పెట్టె అంటే నాకెలాగూ పడదు. కానీ ఆ శశిభూషణ్ ఊరుకునే మనిషి కాదు, పెట్టె విప్పి చూస్తాడు. అందులో ఏ తప్పూ లేదని తేలితే మా మాట, తరణి మాట, ఆరు పాకల మాట ఒకేసారి పోతాయి. ఒకవేళ అతను విప్పకపోయినా నాకు తెలుసు కదా. లక్ష నిజాల మధ్య నా అబద్ధం కూడా నిజం వేషం వేసుకుని కూర్చుంటుంది.

చూడకుండా రాసినట్టు తేలితే ఆ పాక పుస్తకాలన్నీ కొట్టేస్తారు. పదకొండు రోజులవి కాదు, మూడేళ్ళవీ. మొదటి రోజే వేలిముద్ర వేయించుకున్నారు దాని మీద. నేను సంతకమే పెడతానని పోట్లాడి సంతకం పెట్టాను.

1143వ రోజు

గిడ్డంగిలో అందరూ ఉన్నారు. తరణి నోరు తెరిచేలోపే లేచాను.

"సదివే పెట్టె బాగానే ఉంది. నాకు జొరం వొచ్చినాది. పదకొండు రోజులు పైకి సూడకుండా రాసీసినాను. ఆ తప్పు మాటది కాదు, నాది."

వరాహమూర్తి ఇంతసేపటికి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. అతని ముఖంలో ఎంత సంతోషమో! "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు.

"నువ్వు మూసుకో బాబూ," అంది అచ్చియమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "సచ్చినోడా. అన్ని రోజులూ పక్క పాకలోనే ఉన్నాను. ఒక్క కేక ఏస్తే నీ సారలు నేను సూసీదాన్ని కదా!"

"ఆడదాన్నడగడమేటి అనుకున్నాను."

"ఏడిసేవు."

శశిభూషణ్ రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. కాగితం ఇచ్చాడు. తరణి రాసిపెడతానంది, వద్దన్నాను. రెండే మాటలు రాశాను. చూడలేదు. రాశాను. కింద సంతకం, తారీకు.

అతను ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టాడు. "నాలుగో పాక తీసేస్తే మిగిలిన అయిదింటిలో తేడాలు ఎన్ని?" అని తరణిని అడిగాడు.

"నలభై లోపు."

"తొంభై అయిదు వేలలో నలభై లోపు." కలం తీశాడు. "కరిగింది అంటే పరుచుకుంది. ఒప్పుకుంటున్నాను. ఏడో దారి లెక్క మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అయ్యేదాకా నలభై దాటి ఒక్క విమానం కూడా ఇటు రాదు."

గిడ్డంగిలో ఒక అరుపు లేచింది. నా పక్కనున్నవాడు నా కాలు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తాడు. చూడలేదనుకుంటాను.

1151వ రోజు

పాక ఖాళీ చేశాను. వరాహమూర్తి వచ్చి కుర్చీ, గొడుగు, పెట్టె తీసుకుపోయాడు. రేకులు మళ్ళీ లెక్కపెట్టాడు. మూడేళ్ళ నా పుస్తకాల మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి కట్ట కట్టారు. ఆ శాలువా కూడా తీసుకుపొమ్మన్నాను. దానికి రసీదు పుస్తకంలో గడి లేదన్నాడు. చెత్త మీద పడేశాను. ఎవరో తీసుకుపోయి మేకకు కప్పారు.

ఊళ్ళో ఎవరూ నాకు దండాలు పెట్టడం లేదు. కూర్మయ్య లేకపోతే మడులు పోయేవని కొందరు, కూర్మయ్య వల్లే పోబోయాయని కొందరు. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరి మొహాలూ నాకు గిట్టవు.

మధ్యాహ్నం సైరన్ మోగాక అచ్చియమ్మ కొత్త ఫారాలు పట్టుకుని మా రేకుల షెడ్డులోకి వచ్చింది. ఇప్పుడు నా ఆకాశం కూడా ఆవిడే చూస్తోంది. ఏమైంది అన్న గడిలో రాయదగ్గ మాటల పట్టీ ఒకటి పంపించారు. కరిగింది, ఎండింది మొదట ఉన్నాయి. కింద ఇంకోటి కొత్తగా చేర్చారు.

"ఇదేటో సెప్పు మరిదీ."

"చూడలేదు."

"అదేటి? సూడకపోతే సూడలేదని రాసీయొచ్చునా?"

"రాసీయాల."

"రాస్తే పాక తీసెయ్యరేటి?"

"రాయకపోతే తీసెస్తారు. నీ ముందే ఉన్నాను కదా, కనపడ్డం లేదేటి?"

బొగ్గు ముక్క తీసుకుని గచ్చు మీద రాసింది. పళ్ళు బిగపట్టి, బండి లాగుతున్నట్టు. సూడలేదు, అని రాసింది. పట్టీలో చూ అని ఉంది కదా, తుడిచి మళ్ళీ రాయమన్నాను.

"మనం సూ అనే కదా అంతాం."

దిద్దుదామని ఆవిడ చేతిలో బొగ్గు తీసుకున్నాను. తర్వాత బొగ్గు ఆవిడ చేతికే తిరిగి ఇచ్చేశాను.

"సూ అనే రాయి ఒదినా. అర్థం కాలేదంటే ఆల్లనే వొచ్చి అడగమను."